వర్కర్లకి రూములు కడదామని ప్లాన్ అప్రూవల్‌కి వెళ్తే ఏమైందంటే (వైజాగ్ కూర్మన్నపాలెం, నా అనుభవం)

కూర్మన్నపాలెం దగ్గర మాకో 300 గజాల సైటు ఉంది. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసేటప్పుడు కొన్నారు, వుడా అప్రూవ్డ్ లేఅవుట్, ముందు 30 అడుగుల రోడ్డు. ఏటా వేకెంట్ ల్యాండ్ ట్యాక్స్ కట్టడం, వర్షాకాలం అయ్యాక మనిషిని పెట్టి పిచ్చిమొక్కలు కొట్టించడం, ఇంతకుమించి ఆ సైటుతో మాకు పెద్ద పనేం ఉండేది కాదు. మావారేమో డూప్లెక్స్ కడదాం అంటారు, మా బావగారేమో ఎవరికైనా డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండి రెండు ఫ్లాట్లు వస్తాయి అంటారు. నాకు మాత్రం ఎప్పట్నుంచో వేరే ఆలోచన ఉండేది, పరవాడ ఫార్మా కంపెనీల్లో, అచ్యుతాపురం సెజ్‌లో, దువ్వాడ సెజ్‌లో, ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లు అద్దెకి ఉండగలిగేలా చిన్న చిన్న రూములు కడితే ఎలా ఉంటుందని.

ఇదేదో సేవ అని కాదు, నాకూ అద్దె కావాలి. కానీ ఈ ఏరియాలో రూముల కోసం జనం ఎంత తిరుగుతున్నారో రోజూ చూస్తున్నా కాబట్టి ఖాళీగా ఉండవని ధైర్యం. మా ఇంటికి కరెంటు పనికి వచ్చే కుర్రాడొకడు ఉన్నాడు, టెక్కలి వైపు నుంచి వచ్చాడు, పగలు ఎలక్ట్రీషియన్ పని చేసి రాత్రిళ్లు కూడా ఎక్కడో డ్యూటీ చేస్తాడు. ఒకసారి వాడికి జ్వరం వస్తే మందులు ఇచ్చి రావడానికి లంకెలపాలెం దగ్గర వాడుండే రూముకి వెళ్లాం. పదికి పన్నెండు గది, పైన సిమెంట్ రేకులు, ఆరుగురు ఉంటారు. మూడే పరుపులు. ఎందుకంటే ముగ్గురు నైట్ షిఫ్ట్‌కి వెళ్తే ముగ్గురు పడుకుంటారు, వాళ్లు వచ్చేసరికి వీళ్లు లేస్తారు. గుమ్మం బయట సేఫ్టీ షూస్ వరసగా పెట్టి ఉన్నాయి, లోపల కిటికీ ఊచలకి కంపెనీ ఐడీ కార్డులు వేలాడుతున్నాయి, ఒక మూల ఇండక్షన్ స్టవ్, దాని పక్కనే ఫోన్ ఛార్జర్లన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి. బాత్రూం బయట, ఆ వరసలో ఉన్న గదులన్నిటికీ కలిపి ఒకటే. అద్దె మనిషికి ఇంతని తీసుకుంటారు కాబట్టి మొత్తం లెక్కేస్తే ఆ రేకుల గదికి వచ్చే డబ్బులు గాజువాకలో సింగిల్ బెడ్‌రూం అద్దె కంటే ఏం తక్కువ లేవు!

ఒకప్పుడు ఈ ఊళ్లో పెద్ద కంపెనీ వచ్చిందంటే క్వార్టర్లు కూడా వచ్చేవి. స్టీల్‌ప్లాంట్‌కి ఉక్కునగరం, షిప్‌యార్డ్ వాళ్లకి గాంధీగ్రామ్ కాలనీ, పోర్టు వాళ్లకి సాలిగ్రామపురం క్వార్టర్లు. మా చిన్నప్పుడు మా బంధువుల్లో సగంమంది ఏదో ఒక సెక్టార్ నంబరే అడ్రస్‌గా చెప్పేవాళ్లు. అయితే అవి పర్మినెంట్ ఉద్యోగులకి. ఇప్పుడొచ్చే ఉద్యోగాలు ఎక్కువ కాంట్రాక్టువి, కంపెనీ బస్సు పంపిస్తుంది గానీ ఇల్లు ఇవ్వదు. ఆ ఇల్లు ఎవరివ్వాలి అంటే మాలాంటి వాళ్లే, అంటే రెండు మూడు వందల గజాల సైటు ఉన్న మామూలు జనం. మరి మేము కట్టాలంటే రూల్స్ ఏమంటున్నాయి, అసలు కథ అక్కడ మొదలైంది.

ప్లాన్ కోసం ఎల్‌టీపీ దగ్గరికి వెళ్లాం, అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, ఇప్పుడు ప్లాన్ అప్లికేషన్ మొత్తం ఆన్‌లైనే, ఆయన లాగిన్ నుంచే డ్రాయింగ్ అప్‌లోడ్ చేయాలి. నేను కాగితం మీద గీసుకెళ్లింది చూపించాను. ఫ్లోర్‌కి ఎనిమిది రూములు, ఒక్కో రూముకి అటాచ్డ్ బాత్రూం, చివర్లో అందరికీ కలిపి ఒక వంటగది, పైన బట్టలు ఆరేసుకునే జాగా. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని ఒక్క నిమిషం చూసి, "మేడమ్, ఇది ఇల్లు కాదు, హాస్టల్. హాస్టల్ అంటే లెక్క మారిపోద్ది, మీ రోడ్డు చాలదు" అన్నాడు.

అదేటండి, ముప్పై అడుగుల రోడ్డు చాలకపోవడమేంటి అన్నాను. అప్పుడు కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు, ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తున్నా. ముంబై, చెన్నైల్లో లాగా ఎఫ్‌ఎస్‌ఐ అని ఒక అంకె ఇచ్చి స్థలానికి ఇన్ని రెట్లు కట్టుకో అనే పద్ధతి మన దగ్గర కాదు. 2017లో వచ్చిన ఏపీ బిల్డింగ్ రూల్స్ ప్రకారం మన బిల్డింగ్ ఎంత పెద్దదో తేల్చేవి ముఖ్యంగా మూడు: స్థలం సైజు, ముందున్న రోడ్డు వెడల్పు, బిల్డింగ్ ఎత్తు. ఈ మూడిటిని బట్టి చుట్టూ ఎంత సెట్‌బ్యాక్ వదలాలో టేబుల్ ఉంటుంది. అది వదిలాక మిగిలిందాంట్లో నీ ఇష్టం. వీటి మీద మళ్లీ వాడకం ఏంటి అనేది, ఇల్లా, షాపా, హాస్టలా, దాన్నిబట్టి రోడ్డు ఎంత ఉండాలో, పార్కింగ్ ఎంత చూపించాలో మారుతుంది. మాస్టర్ ప్లాన్‌లో నీ సైటు ఏ జోన్‌లో పడిందో అది మొట్టమొదటి గేటు. మాది రెసిడెన్షియల్ జోన్ కాబట్టి ఆ గేటు దాటాం.

అంటే ఒకే సైటు, ఒకే గోడలు, ఒకే ఎత్తు. లోపల ఒక కుటుంబం పదిమందితో ఉంటే అది ఇల్లు, సంబంధం లేని పదిమంది ఉంటే హాస్టల్. డ్రాయింగ్ చదివే సాఫ్ట్‌వేర్‌కి మనుషులు కనపడరు కదా, దానికి లేయర్లు, గది పేర్లు, కొలతలే తెలుసు. హాస్టల్ అని పడగానే వేరే షరతులన్నీ వచ్చేస్తాయి. నిజానికి ఈ పట్టింపులో కొంత న్యాయం ఉంది, నేనేం కాదనను, ఎక్కువమంది ఉండేచోట ఫైరింజన్ తిరగాలి, మెట్లు వెడల్పుండాలి. కానీ ఫలితం ఏమవుతోంది? రూల్ ప్రకారం కట్టాలనుకున్నవాడు వెనక్కి తగ్గుతాడు, ఏ ప్లానూ లేకుండా రేకులేసి వరసగా గదులు కట్టినవాడు హాయిగా అద్దె తీసుకుంటాడు. ఫైరింజన్ ఆ సందులోకి అసలు రాదు.

ఎల్‌టీపీ గారు ఒక మార్గం చెప్పాడు. "డ్రాయింగ్‌లో హాలు, బెడ్‌రూం అని చూపించేద్దాం మేడమ్, ఓసీ వచ్చాక పార్టిషన్లు పెట్టుకోండి, అందరూ చేసేదే." మావారు కూడా సరే అనేశారు. నేను ఒప్పుకోలేదు. నీతి కోసం అని కాదు, అప్పట్లో పర్మిషన్ ఇచ్చేటప్పుడు బిల్డింగ్‌లో 10 శాతం ఏరియా తనఖా పెట్టించుకునేవారు, ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ) తెచ్చుకుంటేనే విడిపించేవారు. ఆ తర్వాత ఎవరైనా పక్కింటివాళ్లు ఒక కంప్లయింట్ పెడితే జన్మంతా భయపడుతూ బతకాలి. మళ్లీ ఎప్పుడో బీపీఎస్ లాంటి స్కీమ్, అంటే ప్లాన్ తప్పి కట్టినదాన్ని ఫైన్ తీసుకుని రెగ్యులరైజ్ చేసేది, వస్తే అప్పుడు ఫైన్ కట్టేద్దాం అనే ధోరణి మన వైజాగ్‌లో చాలామందికి ఉంది, నాకు ఆ టెన్షన్ పడదు.

చివరికి అందరం కూర్చుని లెక్కలేసుకుని తేల్చింది ఇది: స్టిల్ట్ ప్లస్ త్రీ, అంటే కింద పార్కింగ్‌కి పిల్లర్లు, పైన మూడు ఫ్లోర్లు, ఫ్లోర్‌కి రెండు పోర్షన్లు, ఒక్కోటి చిన్న సింగిల్ బెడ్‌రూం. కాగితం మీద ఆరు ఇళ్లు, పక్కా రెసిడెన్షియల్. ఒక్కో పోర్షన్‌లో ముగ్గురు వర్కర్లు కలిసి అద్దెకి తీసుకుంటారు, లేదా భార్యాభర్తలు ఒక పిల్లతో ఉంటారు. నేను మొదట అనుకున్న ఇరవై నాలుగు రూములకీ దీనికీ చాలా తేడా ఉంది, అప్పుడు ఒంటరి మనిషికి తక్కువ అద్దెలో సొంత గది దొరికేది, ఇప్పుడు అతను ఇంకో ఇద్దరిని వెతుక్కోవాలి.

పార్కింగ్ సంగతి విడిగా చెప్పాలి, నాకు బాగా మండింది అక్కడే. పార్కింగ్‌ని కట్టిన ఏరియాలో ఇంత శాతం అని లెక్కేస్తారు. ఆ ఇంట్లో ఎవరుంటారు, వాళ్లకి కారుందా లేదా అన్నది లెక్కలోకి రాదు. దాంతో గ్రౌండ్ లెవెల్ మొత్తం పిల్లర్ల మీద నిలబెట్టి ఖాళీ ఉంచాలి. ఆ స్టిల్ట్‌కి పోసిన స్టీలు, కాంక్రీటు ఖర్చు ఎక్కడికి పోతుంది, అద్దెలోకే కదా వచ్చేది. ఇప్పుడు మా స్టిల్ట్‌లోకి వెళ్లి చూడండి, ఒక్క కారు ఉండదు, పల్సర్లు, స్ప్లెండర్లు ఒక వరసలో, రెండు సైకిళ్లు, మూల ఒక గ్యాస్ సిలిండర్ల గూడు, మిగతా జాగాలో సాయంత్రాలు పిల్లలు షటిల్ ఆడతారు. చాలామందిని కంపెనీ బస్సు జంక్షన్‌లో ఎక్కించుకుంటుంది, వాళ్లకి బండి కూడా లేదు. అక్కడ సగం జాగాలో రెండు రూములు కట్టనిచ్చి ఉంటే ఇంకో ఆరుగురు ఉండేవాళ్లు. వర్కర్ల అద్దె ఇళ్లకి పార్కింగ్‌ని టూవీలర్ లెక్కన తీసుకుంటే చాలు, ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక అప్లికేషన్ నడిచిన తీరు క్లుప్తంగా. డాక్యుమెంట్, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుట్ కాపీ, వేకెంట్ ల్యాండ్ ట్యాక్స్ రసీదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ సంతకాలు, అన్నీ స్కాన్ చేసి పెట్టారు. షార్ట్‌ఫాల్ పడింది, అంటే ఏదో లోపం ఉంది సరిచేసి పెట్టండని వెనక్కి పంపడం, లింక్ డాక్యుమెంట్‌లో ఒక సరిహద్దు కొలత ఇప్పటి కొలతతో కలవలేదని. సర్వేయర్‌ని పెట్టి కొలిపించి పెడితే ఇంకో షార్ట్‌ఫాల్, రెయిన్ వాటర్ పిట్ డ్రాయింగ్‌లో సరిగ్గా చూపించలేదని. వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ సెక్రటరీ అమ్మాయి వచ్చి సైటు ఫోటోలు తీసుకుంది, చాలా చక్కగా మాట్లాడింది, ఎక్కడ ఏ పేపర్ ఉండాలో ఆ పిల్లకి తెలిసినంత మా ఎల్‌టీపీకి తెలీదేమో అనిపించింది. ఫీజులు కట్టాం, పైన లేబర్ సెస్ ఒక శాతం. మాది అప్రూవ్డ్ లేఅవుట్ కాబట్టి బతికిపోయాం, లేకపోతే ఓపెన్ స్పేస్ ఛార్జీ అని స్థలం విలువలో 14 శాతం పడేది, ఈ చుట్టుపక్కల చాలామందికి అదే పెద్ద బండరాయి.

పర్మిషన్ వచ్చాక ఇంకో జోనింగ్ ఎదురైంది, ఏ జీవోలోనూ లేనిది. పునాది తీస్తుంటేనే కాలనీ పెద్దలు నలుగురు వచ్చారు. "అమ్మా, బ్యాచిలర్లకి ఇస్తారంట కదా, ఆడపిల్లలున్న కాలనీ, ఆలోచించుకోండి" అన్నారు. వాళ్లలో ఇద్దరు నాన్నగారితో కలిసి పనిచేసినవాళ్లే. అంకుల్, మీరు మొదట శ్రీకాకుళం నుంచి వచ్చినప్పుడు ఎక్కడున్నారు అని అడిగా. గాజువాకలో ఒక పెంకుటింట్లో నలుగురం కలిసి ఉన్నాం అన్నారాయన నవ్వుతూ. ఆయన నవ్వారు గానీ మిగతావాళ్లు నవ్వలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇసుక లారీ రోడ్డుకి అడ్డంగా ఉందని రోజుకో ఫోన్. చివరికి ఒక ఫ్లోర్ అచ్యుతాపురం బట్టల కంపెనీలో కుట్టుపని చేసే అమ్మాయిలకి, రెండో ఫ్లోర్ కుటుంబాలకి, పై ఫ్లోర్ మగపిల్లలకి అని చెప్పాక కాస్త సద్దుమణిగింది. అమ్మాయిలు అనగానే అభ్యంతరం ఎలా తగ్గిందో చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే అమ్మాయిలకి రూమ్ దొరకడమే ఇంకా కష్టం, నైట్ షిఫ్ట్ అంటే ఓనర్లు గేటు తాళం తియ్యరు.

ఈ గొడవలో ఉన్నప్పుడే దీనికేమైనా స్కీమ్ ఉందా అని వెతికాను. 2020లో కేంద్రం అఫోర్డబుల్ రెంటల్ హౌసింగ్ కాంప్లెక్స్‌లని ఒకటి తెచ్చింది, కోవిడ్ అప్పుడు వలస కూలీలు నడిచి వెళ్లిన తర్వాత. సొంత స్థలంలో ప్రైవేటువాళ్లు కూడా కట్టి 25 ఏళ్లు అద్దెకి నడపాలి, దానికి బదులు 50 శాతం అదనపు ఎఫ్‌ఏఆర్ (ఇందాక చెప్పిన ఎఫ్‌ఎస్‌ఐకే ఇంకో పేరు) ఫ్రీ, వాడకం మార్పుకి పర్మిషన్, మున్సిపల్ ఛార్జీలు ఇళ్ల రేటులోనే. చదివి సంబరపడ్డాను. తర్వాత కింద చూస్తే కనీసం 40 యూనిట్లు లేదా దానికి సమానమైన బెడ్లు ఉండాలట. 300 గజాల్లో 40 యూనిట్లు ఎక్కడ పడతాయి? పైగా ఎఫ్‌ఏఆర్ ఫ్రీ అనేది ఎఫ్‌ఏఆర్‌తో కట్టడి చేసిన ఊళ్లకి పెద్ద వరం, మనకి అడ్డుపడేది రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్, పార్కింగ్ అయినప్పుడు ఆ వరం మనకెందుకు పనికొస్తుంది. ఢిల్లీలో కూర్చుని రాసేవాళ్లకి ఏ ఊరి తాళం ఎక్కడుందో తెలియాలి కదా.

నీతి ఆయోగ్ 2024 డిసెంబర్లో పారిశ్రామిక కార్మికుల వసతి మీద ఒక రిపోర్ట్ ఇచ్చింది, అందులో నేను పడ్డ బాధలే ఉన్నాయి. వర్కర్ల వసతిని కమర్షియల్ అనకండి, ఆస్తి పన్ను, కరెంటు, నీళ్లు ఇళ్ల రేటుకే ఇవ్వండి, పారిశ్రామిక ప్రాంతాల దగ్గర మిక్స్‌డ్ యూజ్ జోన్లు, అంటే ఇళ్లు, పనిచేసే చోట్లు కలిసి ఉండేవి, పెట్టండి, ఇలాగ. మా చిన్నమ్మ కూతురు శ్రీపెరంబుదూర్ దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో ఉంది, అక్కడ వల్లం వడగల్ సిప్‌కాట్‌లో (తమిళనాడు ప్రభుత్వ ఇండస్ట్రియల్ పార్కు) 2024 ఆగస్టులో 18,720 బెడ్లతో వర్కర్ల హాస్టల్ బ్లాకులు తెరిచారు. ఇండస్ట్రియల్ పార్కులోనే స్థలం పక్కన పెట్టి కట్టారు కాబట్టి జోన్ గొడవే లేదు. మన దగ్గర సెజ్‌లకి వందల ఎకరాలు ఇచ్చేటప్పుడే అలా ఒక ముక్క ఇళ్లకని రాయిస్తే ఎంత బావుండేది.

మన దగ్గర ఇళ్లంటే పట్టా. 2022 ఏప్రిల్‌లో సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో విశాఖ పేదలకి స్థలాలు పంచడం మొదలుపెట్టారు, లక్షకి పైగా పట్టాలు, ఒక్కొక్కరికి సెంటు, అంటే 48.4 గజాలు. సొంతం అన్న తృప్తిని నేను తక్కువ చేయను, మా పనమ్మాయికీ వచ్చింది. కానీ ఆవిడ పని ఇక్కడ, స్థలం అక్కడ, ఆటో, బస్సు, మళ్లీ ఆటో. ఆవిడ ఇప్పటికీ గాజువాకలో అద్దెకే ఉంటోంది. పని దగ్గర అద్దె ఇల్లు, దూరంగా సొంత స్థలం, రెండూ వేరు వేరు అవసరాలు. రెండోదాని మీద కోట్లు ఖర్చయ్యాయి, మొదటిదానికి రూల్స్‌లో నాలుగు లైన్లు మారిస్తే చాలు.

అయితే ఫ్యాక్టరీ గోడ పక్కనే ఇళ్లు కట్టించేయమని నేననట్లేదు. 2020 మే 7 తెల్లవారుజాము వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకై జనం రోడ్ల మీద ఎక్కడివాళ్లక్కడ పడిపోయిన సంగతి ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. ప్లాంట్ చుట్టూ కొంత దూరం ఇళ్లు ఉండకూడదు, అది కూడా జోనింగ్ పనే, ఇంకా గట్టిగా చేయాల్సిన పని. బఫర్ దాటాక, బస్సు రూటు మీద, నీళ్లు, డ్రైనేజీ ఉన్న కాలనీల్లో ఒకే మనిషికి సరిపడే గదులు కట్టడానికి తలుపు తెరవండి అంటున్నా. చిన్న సైటులో ఇరవై మంది లోపు ఉండే అద్దె గదుల్ని ఇంటి కిందే లెక్కెయ్యడం, ఫైర్, మెట్లు, మనిషికి ఇన్ని అడుగుల జాగా, ఇంతమందికి ఒక బాత్రూం, వీటిని మాత్రం కచ్చితంగా చెక్ చెయ్యడం. ఇప్పుడు జరిగేది తిరగేసి ఉంది, కారు పార్కింగ్ టేప్ పెట్టి కొలుస్తారు, ఎంతమందికి ఒక బాత్రూమో ఎవరూ అడగరు.

మా బిల్డింగ్ పూర్తయింది, ఓసీ వచ్చింది, తనఖా విడిపించుకున్నాం. ఎలక్ట్రీషియన్ కుర్రాడు పై ఫ్లోర్‌లో ఇంకో ఇద్దరితో ఉంటున్నాడు, వైరింగ్ అంతా వాడే చేశాడు, ఒక్కో గదిలో ఛార్జింగ్ పాయింట్లు నాలుగు పెట్టాడు. అద్దె మనిషికి లెక్కేస్తే వాడు లంకెలపాలెంలో కట్టినదానికంటే కొంచెం ఎక్కువే, ఆ మాట దాచను, స్టిల్ట్ ఖర్చు, ఫీజులు, బ్యాంకు వడ్డీ అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాంకు లోన్ తీరాక తగ్గిస్తావా అక్కా అని అడిగాడు. చూద్దాంలే అన్నాను.

మా వీధిలోనే ఇంకో ఇద్దరు సైటు ఓనర్లు అడుగుతున్నారు, మేమూ ఇలాగే కడదామా అని. వాళ్లకి నేను చెప్పేది ముందు ముగ్గురు నలుగురు ఎల్‌టీపీలతో మాట్లాడండి, మీ సైటు మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉందో, ముందు రోడ్డు కాగితం మీద ఎంతో, నేల మీద ఎంతో కొలిపించుకోండి అని. వాళ్లలో ఒకాయన రోడ్డు డాక్యుమెంట్‌లో 30 అడుగులు, నేల మీద 26 ఉంది, ఎదురింటివాళ్ల ర్యాంపు బయటికి వచ్చేసింది. ఆయన ఇప్పుడు ఎదురింటివాళ్లతో మాట్లాడే పనిలో ఉన్నాడు.